విండోస్, మ్యాక్, లైనక్స్: ఏది ఎంత భద్రం? డెల్టాలోని మిల్లులు, షాపులు, ఇళ్ల కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరంలో రొయ్యల మేత దుకాణం, మండపేటలో రైస్ మిల్లు, అమలాపురంలో జిరాక్స్ షాపు, నరసాపురంలో లేసు ఎగుమతులు... ఇప్పుడు కంప్యూటరు లేనిదే ఏ లెక్కా తేలడం లేదు. కొత్త సిస్టమ్ కొనేటప్పుడు, పాతది ఉంచాలా తీసేయాలా అనుకునేటప్పుడు ఎక్కువమంది అడిగే ప్రశ్నలు ఇవి. మెనూల పేర్లు తెర మీద ఇంగ్లీషులో ఎలా ఉంటాయో ఆ మాటలనే తెలుగు లిపిలో రాశాం.

సూటిగా చెప్పండి. ఈ మూడింట్లో ఏది భద్రం?

ప్యాచ్‌లు (భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్లు) అందుతున్న ఏ సిస్టమ్ అయినా, ప్యాచ్‌లు ఆగిపోయిన సిస్టమ్ కన్నా భద్రం. విండోస్ 11కీ లైనక్స్‌కీ మధ్య ఉన్న తేడా కన్నా, విండోస్ 11కీ విండోస్ 7కీ మధ్య ఉన్న తేడా చాలా పెద్దది. ముందు ఈ లెక్క చూసుకోండి, కంపెనీ పేరు తర్వాత.

మూడూ తాజాగానే ఉన్నాయనుకుంటే తేడాలు ఇలా ఉంటాయి. మ్యాక్‌లో సిస్టమ్ ఫైళ్లున్న భాగం 2020 నాటి బిగ్ సర్ వెర్షన్ నుంచి సీలు వేసినట్టు ఉంటుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ ఉన్న ప్రోగ్రాం కూడా దాన్ని మామూలుగా మార్చలేదు. లైనక్స్‌లో సాఫ్ట్‌వేర్ చాలావరకు ఒకే నమ్మకమైన గోదాం నుంచి వస్తుంది కాబట్టి, దారిన పోయే సైటు నుంచి దించుకోవాల్సిన పని తక్కువ. విండోస్‌లో రక్షణలు తక్కువేమీ కాదు. కానీ దాని మీద దాడులు ఎక్కువ, పైగా మన దగ్గర అది నడిచే తీరు అధ్వానం: అందరూ అడ్మిన్లే, సగం క్రాక్ (లైసెన్స్ లేని) కాపీలు, అప్‌డేట్లు ఆపేసి ఉంటాయి.

లైనక్స్‌లో లోపాల సంఖ్య ఇప్పుడు వేలల్లో ఉందని చదివాం. అంటే అదే బలహీనమా?

కాదు. ఆ సంఖ్యలతో సిస్టమ్‌లను పోల్చకూడదు. చెరువు గట్టు మీద ఎండ్రకాయ బొరియలు ఎవరు ఓపిగ్గా లెక్కపెట్టి చెబితే వాళ్ల చెరువులోనే ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. లైనక్స్ కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) బృందం 2024 ఫిబ్రవరి నుంచి తమ లోపాలకు సీవీఈ నంబర్లు, అంటే ఒక్కో లోపానికి వేసే గుర్తింపు నంబర్లు, తామే ఇచ్చుకుంటోంది. భద్రతకు సంబంధం ఉండొచ్చనిపించే ప్రతి చిన్న సవరణకూ నంబరు వేస్తోంది, అందుకే లెక్క ఒక్కసారిగా పెరిగింది. మైక్రోసాఫ్ట్, యాపిల్ లెక్కించే పద్ధతులు వేరు.

అడగాల్సింది వేరే ఉంది: లోపం బయటపడ్డాక బొరియ పూడ్చడానికి ఎన్నాళ్లు పట్టింది, ఆ ప్యాచ్ మీ సిస్టమ్‌లోకి ఎన్నాళ్లకు చేరింది? 2017 మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ మార్చి 14నే వచ్చింది. దాదాపు రెండు నెలలపాటు ఆ ప్యాచ్ వేసుకోని వాళ్ల సిస్టమ్‌లే పోయాయి.

మాది విండోస్ 10. బాగానే నడుస్తోంది కదండీ, మార్చాలా?

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది, కానీ కొత్తగా బయటపడే లోపాలకు ప్యాచ్‌లు రావు. మీకు మూడు దారులున్నాయి.

మొదటిది గడువు పొడిగింపు. ఇంటి వాడకం సిస్టమ్‌లకు 2026 అక్టోబరు 13 దాకా ప్యాచ్‌లు ఇచ్చే పథకం ఉంది. ముందుగా విండోస్, ఆర్ మీటలు కలిపి నొక్కి 'విన్‌వర్' (winver) అని టైపు చేయండి, వెర్షన్ 22హెచ్2 అని చూపాలి. తర్వాత సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్తే 'ఎన్‌రోల్ నౌ' కనిపిస్తుంది. సెట్టింగ్స్ బ్యాకప్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాకి కలిపితే డబ్బు కట్టక్కర్లేదు. ఈ పథకానికి మైక్రోసాఫ్ట్ ఖాతా తప్పనిసరి. ఇది ఊపిరి తీసుకోవడానికి దొరికిన గడువే, శాశ్వతం కాదు.

రెండోది విండోస్ 11. దీనికి టీపీఎం 2.0 (రహస్య కీలను దాచే భద్రతా చిప్పు), సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సిస్టమ్‌నే నడవనిచ్చే రక్షణ), 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు కావాలి. ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం, ఆ పైన ఉండాలి. చాలా బోర్డుల్లో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సెట్టింగ్స్‌లో) ఆఫ్‌లో ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని వెతకండి. 'సపోర్టు లేదు' అని చూపగానే కొత్తది కొనేయకుండా ముందు ఇది చూసుకోండి.

అర్హత లేని సిస్టమ్‌లో అడ్డదారిన విండోస్ 11 ఎక్కించి ఇచ్చే టెక్నీషియన్లు ఉన్నారు. నెలవారీ ప్యాచ్‌లు వస్తాయి గానీ, ఏటా వచ్చే కొత్త వెర్షన్ దానంతటది రాదు. హోమ్, ప్రో వెర్షన్లకు ఒక్కోదానికి 24 నెలలే సపోర్టు. గడువు దాటాక ఎవరూ గుర్తుచేయరు, మళ్లీ మొదటికే వస్తారు. వ్యాపారం నడిచే సిస్టమ్‌కి ఇలా చేయొద్దు.

మూడోది లైనక్స్. టాలీ, డిజిటల్ సంతకం టోకెన్ లాంటివి లేని ఇంటి సిస్టమ్‌కి, చదువుకునే పిల్లల సిస్టమ్‌కి లైనక్స్ రకాలైన మింట్ గానీ ఉబుంటు గానీ చక్కగా సరిపోతుంది. మింట్ 22కి 2029 దాకా ప్యాచ్‌లు వస్తాయి.

డీటీపీ చేస్తాం. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ పాత విండోస్ 7లోనే సరిగా పనిచేస్తున్నాయి. ఎలా?

పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు వేసే షాపులన్నిటికీ ఉన్న ఇబ్బందే ఇది. విండోస్ 7కి ప్యాచ్‌లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. పేజ్‌మేకర్ 7 అయితే 2001 నాటిది. పని మానుకోమని ఎవరూ అనలేరు, కాబట్టి ఆ సిస్టమ్‌ను ఒంటరిగా ఉంచండి.

నెట్ కేబుల్ పీకేయండి, వైఫై పరికరం ఉంటే డివైస్ మేనేజర్‌లో డిసేబుల్ చేయండి. కేబుల్ పీకడమే నమ్మకమైన పద్ధతి. 'నెట్ వాడం లెండి' అనుకుంటే సాయంత్రానికి ఎవరో ఒకరు వాట్సాప్ వెబ్ తెరుస్తారు. కస్టమర్ల ఫైళ్లు, మెయిళ్లు వేరే కొత్త సిస్టమ్‌లో తెరిచి, స్కాన్ చేసి, షాపుకే ప్రత్యేకించిన ఒక్క పెన్‌డ్రైవ్‌తో అటూ ఇటూ పంపండి. తయారైన పేజీని పీడీఎఫ్ చేసి బయటికి తెండి. పాత దాంట్లో బ్యాంకు పని, ఓటీపీ పని ఒక్కసారి కూడా చేయొద్దు.

పెద్ద జిరాక్స్ మెషీన్లున్న షాపుల్లో ఇంకో చిక్కు ఉంది. పాత మెషీన్ స్కాన్ చేసిన కాగితాన్ని నేరుగా ఫోల్డర్‌లో పడేయాలంటే ఎస్ఎంబీ 1.0 (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) కావాలని టెక్నీషియన్ దాన్ని ఆన్ చేసి వెళ్తాడు. వన్నాక్రై దూరింది సరిగ్గా ఆ తలుపులోంచే. 'టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్' తెరిచి ఎస్ఎంబీ 1.0 దగ్గర టిక్కు ఉంటే తీసేయండి. స్కాన్లను పెన్‌డ్రైవ్‌లోకో మెయిల్‌కో తీసుకోండి.

లైనక్స్‌కి వైరస్‌లు రావంటారు. నిజమేనా?

నిజం కాదు. ఇళ్లలో వాడే లైనక్స్ మీద దాడులు తక్కువ, అంతవరకే నిజం. లైనక్స్ నడిచే సర్వర్ల మీద, రౌటర్ల మీద దాడులు రోజూ జరుగుతూనే ఉంటాయి.

మూడు సంఘటనలు చూస్తే సంగతి తెలుస్తుంది. 2016 ఫిబ్రవరి 20న లైనక్స్ మింట్ వెబ్‌సైటునే హ్యాక్ చేసి, దించుకునే ఐఎస్ఓ ఫైలు (సిస్టమ్ ఎక్కించడానికి వాడే ఫైలు) లింకును దొంగ తలుపున్న కాపీ వైపు మళ్లించారు. అందుకే ఐఎస్ఓ దించాక దాని షా256 సంఖ్యను (ఫైలుకి వేలిముద్ర లాంటిది) అధికారిక సైటులో ఇచ్చిన దాంతో సరిచూసుకోవాలి. రెండు నిమిషాల పని, మానేయకండి. రెండోది డర్టీ కౌ. 2016లో బయటపడిన ఈ లోపం కెర్నెల్‌లో 2007 నుంచీ ఉంది. ప్రోగ్రాం మూలం (కోడ్) అందరికీ కనబడుతున్నా తొమ్మిదేళ్లు సరిగా చూసినవాళ్లు లేరు.

మూడోది అన్నిటికన్నా భయపెట్టేది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలోకి, ఏళ్లపాటు మంచివాడిగా నటించిన ఒకరు దొంగ తలుపు దూర్చారు. రిమోట్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యం అవుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు తవ్వి, 2024 మార్చి 29న బయటపెట్టారు. అది ప్రధాన స్థిర వెర్షన్లకు చేరకముందే ఆగింది. మూలం అందరికీ తెరిచి ఉండబట్టే ఆయన అంత లోతుకి వెళ్లగలిగారు. తెరిచి ఉండబట్టే ఆ మనిషి లోపలికీ రాగలిగాడు. ఈ రెండూ కలిపి చూడాలి.

మింట్ వేసుకున్నాక చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫైర్‌వాల్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, మెనూలో ఫైర్‌వాల్ తెరిచి స్టేటస్ ఆన్ చేయండి. అప్‌డేట్ మేనేజర్‌లో ఎడిట్, ప్రిఫరెన్సెస్, ఆటోమేషన్‌లోకి వెళ్లి అప్‌డేట్లు దానంతటవే పడేట్టు పెట్టండి. సిస్టమ్ స్థితిని కాపీ తీసి ఉంచే టైమ్‌షిఫ్ట్ ఆన్ చేస్తే, అప్‌డేట్ బెడిసికొట్టినా నిన్నటి స్థితికి వెనక్కి వెళ్లొచ్చు. ఏదో సైటులో దొరికిన ఆదేశాన్ని సుడోతో (అడ్మిన్ అధికారం ఇచ్చే మాట) టెర్మినల్‌లో అతికించడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. లైనక్స్ ఇచ్చే రక్షణంతా ఆ ఒక్క లైనుతో పోతుంది.

మ్యాక్ కొంటే నిశ్చింతగా ఉండొచ్చా?

చాలావరకు. అయితే 2012లో ఫ్లాష్‌బ్యాక్ 6 లక్షలకు పైగా మ్యాక్‌లలోకి చేరింది. జావాలోని లోపం దానికి దారి. ఇప్పుడు ఎక్కువగా కనబడేవి పాస్‌వర్డ్‌లు దోచే ప్రోగ్రాంలు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ రూపంలో వచ్చి, 'ఇన్‌స్టాల్ పూర్తి చేయడానికి' అని మీ మ్యాక్ పాస్‌వర్డ్ అడుగుతాయి. మీరే ఇస్తే, తెలియని ప్రోగ్రాంలను అడ్డుకునే మ్యాక్ రక్షణ గేట్‌కీపర్ ఏం చేయగలదు?

కొన్నాక సిస్టమ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, ఫైర్‌వాల్ ఆన్ చేయండి, కొన్నప్పుడు ఆఫ్‌లోనే ఉంటుంది. డిస్కుకి తాళం వేసే ఫైల్‌వాల్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. సెకండ్ హ్యాండ్ ఇంటెల్ మ్యాక్ కొనేవాళ్లకు ఒక మాట: 2025లో వచ్చిన మ్యాక్ వెర్షన్ టాహో, ఇంటెల్ మ్యాక్‌లకు ఆఖరి వెర్షన్. ధర తక్కువని తీసుకుంటే ప్యాచ్‌లు వచ్చే కాలం కూడా తక్కువే.

క్రోమ్‌బుక్?

గూగుల్ క్రోమ్‌ఓఎస్ సిస్టమ్‌తో నడిచే లాప్‌టాప్ ఇది. పిల్లల చదువుకి, మెయిల్‌కి, బ్యాంకు పనికి మా దృష్టిలో ఇదే అన్నిటికన్నా తేలికైన భద్రత. ఆన్ చేసిన ప్రతిసారీ సిస్టమ్ తనను తాను సరిచూసుకుంటుంది. 2021, ఆ తర్వాత విడుదలైన మోడళ్లకు పదేళ్ల అప్‌డేట్లు. ఆ పదేళ్లు మోడల్ మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి లెక్క, మీరు కొన్న రోజు నుంచి కాదు. టాలీ మాత్రం నడవదు.

పెన్‌డ్రైవ్ జిరాక్స్ షాపులో పెట్టి తెచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయి. ఫైళ్లు పోయినట్టేనా?

దాదాపు ఎప్పుడూ పోవు, దాగి ఉంటాయి. ఆ వైరస్ మీ అసలు ఫోల్డర్లకు 'హిడెన్', 'సిస్టమ్' అనే రెండు గుర్తులు తగిలిస్తుంది. కొన్నిసార్లు అన్నిటినీ పేరు కనిపించని ఒకే ఫోల్డర్‌లోకి తోస్తుంది. వాటి స్థానంలో అదే పేరుతో, ఫోల్డర్ బొమ్మతో షార్ట్‌కట్ పెడుతుంది. మీరు దాన్ని నొక్కగానే ముందు వైరస్ నడుస్తుంది, వెంటనే అసలు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. అందుకే రోజులు గడిచినా అనుమానం రాదు.

షార్ట్‌కట్ నొక్కకుండా ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, హిడెన్ ఐటమ్స్ మీద టిక్కు పెట్టండి. అది ఒక్కటే చాలదు, 'సిస్టమ్' గుర్తు కూడా ఉంది కదా. ఆప్షన్స్‌లోని వ్యూ ట్యాబ్‌లో 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' దగ్గర టిక్కు తీయండి. అక్కడే 'హైడ్ ఎక్స్‌టెన్షన్స్' టిక్కు కూడా తీసేస్తే, పీడీఎఫ్‌లా కనిపించే ఫైలు చివర ఈఎక్స్ఈ (అది ప్రోగ్రాం అని చెప్పే గుర్తు) ఉంటే బయటపడుతుంది. ఫోల్డర్లు మసకగా కనిపిస్తాయి. పత్రాలు, ఫోటోలు మాత్రమే కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ కొట్టండి. తర్వాత కంప్యూటరును విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌తో 'ఆఫ్‌లైన్ స్కాన్' చేయండి, లేదంటే రేపు పెట్టిన పెన్‌డ్రైవ్ కూడా ఇలాగే అవుతుంది.

ఇంతకన్నా సులువైన దారి లైనక్స్. మింట్ సిస్టమ్‌లో పెడితే ఆ గుర్తులను అది పట్టించుకోదు, అసలు ఫోల్డర్లు మామూలుగానే కనబడతాయి, షార్ట్‌కట్ నొక్కినా విండోస్ వైరస్ నడవదు. అందుకే జిరాక్స్ షాపులవాళ్లకు మా సలహా: కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు పెట్టే సిస్టమ్ ఒక్కటైనా మింట్ చేయండి. ముందు ప్రింటర్ చూసుకోండి. హెచ్‌పీ పీ1007, పీ1008 లాంటి వాటికి అదనపు ప్లగిన్ దించుకోవాలి. కొన్ని క్యానన్ ఎల్‌బీపీ మోడళ్లకు డ్రైవర్ విడిగా వేయాలి.

అసెంబుల్ చేసినవాళ్లు క్రాక్ విండోస్ వేసి ఇచ్చారు. అప్‌డేట్లు వస్తున్నాయి కదా, నష్టమేంటి?

క్రాక్ విండోస్‌ను లైసెన్స్ ఉన్నట్టు చూపించే యాక్టివేటర్ అనే ప్రోగ్రాం నడపాలంటే ముందు యాంటీవైరస్ ఆపేయమంటారు, అడ్మిన్ అనుమతి ఇమ్మంటారు. తాళం తీసి, తలుపు బార్లా తెరిచి, తెలియని మనిషిని లోపల కూర్చోబెట్టడమే అది. తర్వాత డిఫెండర్ 'ఎక్స్‌క్లూజన్స్' (స్కాన్ చేయకుండా వదిలేసేవి) జాబితాలో ఏకంగా సీ డ్రైవ్ మొత్తం చేర్చి ఉండటం మామూలే. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, ఎక్స్‌క్లూజన్స్ తెరిచి చూడండి. మీరు పెట్టనిది ఏదైనా ఉంటే డేటా కాపీ తీసుకుని, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దించిన ఐఎస్ఓతో మొత్తం మళ్లీ వేయించండి. లైసెన్స్‌కి డబ్బు లేకపోతే మింట్ వేయండి. క్రాక్ విండోస్ కన్నా అది వంద రెట్లు నయం.

మిల్లులో టాలీ ఉంది, జీఎస్టీ పని ఉంది. లైనక్స్‌కి మారిపోవచ్చా?

వద్దు. టాలీ విండోస్ కోసం చేసినది, జీఎస్టీ ఆఫ్‌లైన్ టూల్ కూడా అంతే. డిజిటల్ సంతకం టోకెన్ల డ్రైవర్లు లైనక్స్‌లో కొన్ని పనిచేస్తాయి, కొన్ని చేయవు. రిటర్న్ గడువు రోజున ఆ ప్రయోగం వద్దు. విండోస్ 11లోనే ఉండి, కింద చెప్పిన పని చేయండి.

ఒక్క మార్పుతో ఎక్కువ రక్షణ కావాలంటే ఏం చేయాలి?

రోజూ వాడే ఖాతాను అడ్మిన్ నుంచి స్టాండర్డ్‌కి మార్చండి. లైనక్స్, మ్యాక్‌లలో ప్రతి పెద్ద మార్పుకూ పాస్‌వర్డ్ అడుగుతుంది. విండోస్‌లో అడ్మిన్ ఖాతా అయితే 'యస్' నొక్కితే చాలు, గుమస్తా చదవకుండానే నొక్కేస్తాడు.

వరుస తప్పకుండా చేయండి. సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్, యాడ్ అకౌంట్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా కొత్త యూజర్‌ను చేర్చండి, వేరే పాస్‌వర్డ్ పెట్టండి. ఆ ఖాతాకి 'చేంజ్ అకౌంట్ టైప్'లో అడ్మినిస్ట్రేటర్ ఇవ్వండి. సైన్ అవుట్ చేసి, కొత్త ఖాతాతో లోపలికి వెళ్లి, పాస్‌వర్డ్ పనిచేస్తోందని నిర్ధారించుకోండి. అక్కడి నుంచి పాత ఖాతాను స్టాండర్డ్ చేయండి. డెస్క్‌టాప్, ఫైళ్లు, టాలీ అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. కొత్త పాస్‌వర్డ్ కాగితం మీద రాసి యజమాని బీరువాలో పెట్టండి, మానిటర్‌కి అతికించకండి.

రాజమండ్రి నుంచి ఆడిటర్‌గారు మా టాలీ చూడాలని రిమోట్ పెట్టించారు. పర్వాలేదా?

ఎలా పెట్టారన్నదే ముఖ్యం. రౌటర్‌లో 3389 పోర్టు (బయటి నెట్ నుంచి లోపలికి వచ్చే దారి) తెరిచి రిమోట్ డెస్క్‌టాప్ పెట్టి ఉంటే ఈరోజే మూయించండి. అలా తెరిచిన పోర్టు మీద పాస్‌వర్డ్‌లు ఊహించే యంత్రాలు పగలూ రాత్రీ పనిచేస్తుంటాయి, రాన్సమ్‌వేర్ ఎక్కువగా వచ్చే దారుల్లో ఇదొకటి. రౌటర్ పేజీలో పోర్ట్ ఫార్వర్డింగ్ జాబితా ఖాళీగా ఉండాలి. రిమోట్ యాప్ వాడితే, ఎవరూ లేనప్పుడు కూడా తెరుచుకునే శాశ్వత పాస్‌వర్డ్ తీసేసి, ఫోన్ చేసి అనుమతి అడిగినప్పుడే 'యాక్సెప్ట్' నొక్కే పద్ధతి పెట్టండి.

కంప్యూటర్ ఆన్ చేస్తే నీలం తెర మీద 48 అంకెల కీ అడుగుతోంది!

అది బిట్‌లాకర్. లాప్‌టాప్ దొంగిలించినవాడు డిస్కు విప్పి చదవకుండా కాపాడేది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, తగిన హార్డ్‌వేర్ ఉన్న సిస్టమ్‌లో ఇది దానంతటదే ఆన్ అవుతుంది. కీ ఆ ఖాతాలో దాచబడుతుంది. మన ఊళ్లలో తిప్పలు ఇక్కడే: సిస్టమ్ సెట్ చేసిన టెక్నీషియన్ తన సొంత మెయిల్ ఐడీతో లాగిన్ అయితే కీ అతని ఖాతాలో ఉంటుంది. ఏడాది తర్వాత బయోస్ అప్‌డేట్ చేసినా, బోర్డు మార్చినా కీ అడుగుతుంది, అతని నంబరు పనిచేయదు.

ఇప్పుడే, సిస్టమ్ తెరుచుకుంటుండగానే, 'బ్యాకప్ యువర్ రికవరీ కీ'తో ప్రింటు తీసి పెట్టుకోండి. కీ లేకపోతే ఆ డేటాను మైక్రోసాఫ్ట్ కూడా తీసివ్వలేదు. ఇక బయోస్ అప్‌డేట్ యూపీఎస్ లేకుండా ఎప్పుడూ చేయకండి. మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు.

డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనాలా?

విండోస్‌లో ఉన్న డిఫెండర్ ఇంటికి, చిన్న షాపుకి సరిపోతుంది. యాంటీవైరస్ కూడా కెర్నెల్ లోతులో నడిచే ప్రోగ్రామే. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన తప్పు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు ఆగిపోయాయి. కొన్నా ఒక్కటే ఉంచండి, రెండు కలిపి పెట్టకండి.

ఫోన్ సంగతి?

వాట్సాప్‌లో చలాన్ అనో, పీఎం కిసాన్ అనో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) తెరవకండి. సెట్టింగ్స్‌లో 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' తెరిచి వాట్సాప్‌కి, బ్రౌజర్‌కి అనుమతి తీసేయండి.

బ్యాకప్ ఎలా పెట్టుకోవాలి?

రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొనండి. ఒక వారం ఒకటి, మరు వారం రెండోది. కాపీ అవ్వగానే కేబుల్ తీసేయాలి, తగిలించి ఉంచిన డిస్కుకి కూడా రాన్సమ్‌వేర్ తాళం వేసేస్తుంది. వాడని డిస్కు వేరే చోట ఉండాలి. లంక గ్రామాలవాళ్లు వరద నెలల్లో, తీరం వైపువాళ్లు అక్టోబరు, నవంబరు తుపానుల్లో దాన్ని పై ఊళ్లోని బంధువుల ఇంట్లో ఉంచండి. మన తేమకి గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. నెలకోసారి ఒక కంపెనీ డేటాను వేరే సిస్టమ్‌లో రీస్టోర్ చేసి చూడండి. అలా తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మలేం.

ఫైళ్లన్నీ తాళం పడిపోయాయి, డబ్బు అడుగుతున్నారు. మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలి?

ముందు నెట్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి, బ్యాకప్ డిస్కు తగిలించి ఉంటే తీసేయండి. అదే రౌటర్‌కి ఉన్న మిగతా సిస్టమ్‌లను కూడా విడదీయండి. తెర మీది సందేశాన్ని ఫోన్‌తో ఫోటో తీయండి, ఫైళ్ల చివర చేరిన కొత్త పేరు రాసుకోండి. ఆ పేరును బట్టే ఉచితంగా తాళం తీసే టూల్ ఉందో లేదో తెలుస్తుంది. 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు కట్టకండి, కట్టినా ఫైళ్లు వస్తాయన్న భరోసా లేదు. పాత డిస్కును తీసి పక్కన పెట్టి, కొత్త డిస్కులో విండోస్ మళ్లీ వేయించండి. బ్యాకప్‌ను దాంట్లోకి ఎక్కించేముందు రౌటర్ పాస్‌వర్డ్ మార్చి, పోర్ట్ ఫార్వర్డింగ్ జాబితా ఖాళీగా ఉందో లేదో చూడండి.